పలకని పెట్టె

"మీ నాన్న మాట మార్చేసినాడు," అన్నాడు యర్రయ్య, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి.

శ్రావణి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద అట్టు అంచులు మాడుతున్నాయి. అత్తగారు కాసులమ్మ చెయ్యి చాచి స్టవ్ కట్టేసింది గాని, అట్టు తీయాలని ఆవిడకీ తోచలేదు.

రామలక్ష్మిని కాటికి సాగనంపి వచ్చిన మర్నాటి సంగతి ఇది. పోర్ట్‌బ్లెయిర్‌కి ఎదురుగట్టునున్న బాంబూఫ్లాట్ జెట్టీ దిగువలో, చేపల గంప ముందు పెట్టుకుని ఫెర్రీ కోసం కూర్చున్న ఆ మనిషి మీదికి మినీబస్సు వచ్చి పడింది. బస్సు నడిపింది శ్రావణి తండ్రి అప్పయ్య. ఆ బస్సును ఆ ఉదయమే పరీక్ష చేసి, భేషుగ్గా ఉందని పంపింది శ్రావణి మామగారైన ఈ యర్రయ్య షెడ్డు. తప్పు బస్సుదైతే అత్తిల్లు మునుగుతుంది, మనిషిదైతే పుట్టిల్లు మునుగుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అని పెద్దలు ఊరికే అనలేదు.

అప్పయ్య నిన్నటిదాకా పోలీసులకు ఒకటే చెప్పాడు. జెట్టీకి దిగే వాలు మొదట్లో బ్రేకు తొక్కితే పెడల్ అడుగుకంటా వెళ్ళిపోయిందని. ఇప్పుడేమో కాలు జారి యాక్సిలరేటర్ మీద పడిందంటున్నాడట. పోలీసులు రాసుకున్నారట, ఆయన సంతకం కూడా చేశాడట. యర్రయ్య ఇదంతా చెప్పి, చెంబెడు నీళ్ళు గటగటా తాగి, "పాపం, ముసలాడు," అన్నాడు. ఆ పాపంలో జాలి కంటే ఊరటే ఎక్కువగా వినిపించింది శ్రావణికి.

"మా నాన్న కాలు జారడమేంటి మావయ్యా? సునామీలో పడవ పోయినప్పటి నుంచి స్టీరింగే పట్టుకున్నాడు. ఒక్క బండికి గీత పడలేదు."

"ఉమర్ అయిపోయింది కదమ్మా. ఎవడికైనా జరగొచ్చు. మత్లబ్, ఆయనే ఒప్పుకున్నాక మనం ఏటంటాం? మధ్యాహ్నం మోటారు ఇన్‌స్పెక్టర్ వస్తాడు, షెడ్డు చూసుకుని పోతాడు. బాత్ ఖతం."

కాసులమ్మ అందుకుంది. ఒప్పేసుకున్నవాడి మీద పోలీసులు కూడా చెయ్యెత్తరనీ, దీన్ని ఇంక కెలకొద్దనీ, కెలికితే పేడే కంపు కొడుతుందనీ చెప్పింది. ఆవిడ మామూలుగా ఇంత మెత్తగా మాట్లాడదు. కోడలి పుట్టింటి ఊసు వస్తే చాలు, ఆవిడ గొంతు జెట్టీదాకా వినిపిస్తుంది. ఇవాళ మాత్రం కోడలి మొహంలోకి చూడకుండా, మాడిన అట్టు వైపు చూస్తూ మాట్లాడింది.

వీరేంద్ర ఇంతసేపూ కంచం ముందే కూర్చున్నాడు. శ్రావణి మొగుడి వైపు తిరిగింది.

"నిన్న థానాకి వెళ్ళావు కదా. నాన్నతో ఏం మాట్లాడావు?"

పోర్ట్‌బ్లెయిర్‌లో కలిసి డిప్లొమా చదువుకున్న రోజుల నుంచి వాళ్ళిద్దరి మధ్యా నువ్వు అనే పిలుపే. కాసులమ్మకి అది పెళ్ళినాటి నుంచీ గిట్టదు. ఇవాళ ఆవిడ దానికీ పల్లెత్తు మాట అనలేదు.

"టిఫిన్ ఇచ్చొచ్చాను," అన్నాడు వీరేంద్ర.

"టిఫిన్ ఇచ్చి రావడానికి అంతసేపు పట్టిందా?"

వీరేంద్ర తినని కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. యర్రయ్య భార్య వైపు చూశాడు. కాసులమ్మ పెనం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఇంటి వెనకే షెడ్డు. శ్రావణి వెళ్ళేసరికి మెకానిక్ మల్లేశు డీజిల్‌లో బేరింగులు కడుగుతున్నాడు. ఆమెను చూడగానే తల దించుకుని అవే బేరింగులు మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అతని వాలకం. ఆ రోజు పొద్దున్న బస్సును ఎలా చూశారో ఉన్నది ఉన్నట్టు చెప్పమంది శ్రావణి.

"ల్యాప్‌టాప్ లాల్ అయిపోయింది దీదీ, ఎర్రగా. రోజూ అయ్యేదే కదా. వీరేంద్ర భయ్యా ఫోన్‌తో చూడమన్నాడు. హరా వచ్చింది, పచ్చరంగు. గాడీ ఇచ్చేశాం."

"బ్రేకు పెట్టె దగ్గరికి ఎవరైనా వెళ్ళి చూశారా?"

"హరా వచ్చాక ఎందుకు చూస్తాం?" అని, కాసేపు నసిగి, మిగతాది కూడా చెప్పాడు. జెట్టీలో బస్సును క్రేన్‌తో ఎత్తినప్పుడు తను కింద నుంచి చూశాడట. బ్రేకు పెట్టె పక్కనే బ్రేకు నూనె పైపు పోయి ఉందట. "గుద్దుకుని తెగింది కాదు దీదీ. తుప్పు తినేసింది. గుద్దుకునే తెగిందనుకుంటారు, ఎవరితోనూ అనొద్దన్నాడు భయ్యా."

ల్యాప్‌టాప్, ఫోను, ఆ రెండు పనిముట్ల సంగతి తెలిస్తే గాని ఈ మాటల బరువు తెలియదు.

ఇప్పటి బళ్ళలో ఇంజనుకో పెట్టె, బ్రేకుకో పెట్టె ఉంటాయి. నలతగా ఉంటే అవి గుర్తుపెట్టుకుంటాయి, స్టీరింగ్ కింద సాకెట్‌లో వైరు గుచ్చి అడిగితే చెబుతాయి. ఆ పెట్టెలతో మాట్లాడటం తెలిసిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఒకటి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికింది. ఎవరో పరాయి దేశం వాళ్ళు సీ అనే కంప్యూటర్ భాషలో రాసిపెట్టారు. వీరేంద్ర దాన్ని పైథాన్ అనే మరో భాషలోంచి పిలిచి ల్యాప్‌టాప్ మీద ప్రోగ్రాం తయారుచేశాడు. ల్యాప్‌టాప్ పట్టుకుని బండి కిందకి ఎలా దూరతామని మెకానిక్కులు గోల పెడితే, శ్రావణి అదే లైబ్రరీని జావాలోంచి పిలిచి ఫోన్‌లో యాప్ చేసింది. ఏ భాషలోంచి పిలిచినా పలికేది ఆ ఒక్క లైబ్రరీయే. కాబట్టి ల్యాప్‌టాప్, ఫోను ఒకే మాట చెప్పాలి.

కాని చెప్పేవి కావు. ఈ దీవుల్లో ఉప్పుగాలికి బండి కింద ప్లగ్గులు ఊరికే చిలుం పడతాయి. అలాంటి బండికి పెడితే ల్యాప్‌టాప్ ఎర్రగా అయిపోయి మొరాయించేది. ఫోను ఏ రోజూ మొరాయించలేదు, చల్లగా ఆకుపచ్చ చూపించేది. దాంతో షెడ్డులో ఒక పద్ధతి పడిపోయింది. ల్యాప్‌టాప్ మొండికేస్తే ఫోన్‌తో చూడాలి, ఫోన్ సరే అంటే బండి ఇచ్చేయాలి. ల్యాప్‌టాప్‌ది కాసులమ్మగారి గుణం, ఫోన్‌ది కోడలి గుణం అని మెకానిక్కులు చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఆ మాట శ్రావణి చెవినా పడింది. ఆమె కోప్పడలేదు సరికదా, లోపల్లోపల మురిసిపోయింది. పొగడ్త చేదైనవాళ్ళు ఎవరున్నారు?

షెడ్డులో యర్రయ్య పికప్ వ్యాను నిలిపి ఉంది. దాని బ్రేకు పెట్టె ప్లగ్గు ఊడదీయమంది శ్రావణి. మల్లేశు ఎందుకని అడగకుండా కిందకి దూరి ఊడదీశాడు.

ముందు ల్యాప్‌టాప్‌తో చూసింది. ఎరుపు. బ్రేకు పెట్టె జవాబివ్వడం లేదంటూ ప్రోగ్రాం ఆగిపోయింది. తర్వాత షెడ్డు ఫోను తీసుకుంది. తెర వైపు చూడటానికి ఆమెకి ధైర్యం చాలలేదు, మల్లేశును చదవమంది. తను తెలుగు సరిగా చదవలేనన్నాడు అతను. చివరికి తనే చూసింది.

పసుపు రంగులో ఉంది. "బ్రేకు పెట్టె జవాబు లేదు. బండి పంపవద్దు."

శ్రావణికి ప్రాణం లేచి వచ్చింది. యాప్ సరిగానే ఉంది. అది తప్పు చెప్పలేదు. అంటే బస్సు ప్లగ్గు ఆ రోజు బాగానే ఉండి ఉంటుంది, మల్లేశు చూసిన పైపు గుద్దుకునే తెగి ఉంటుంది, అంటే నాన్న కాలే జారి ఉంటుంది. ఆ ఒక్క క్షణం ఆమె సంతోషించింది. కన్నతండ్రి చేతిలో ఒక మనిషి పోయిందని రూఢి అయినందుకు సంతోషించింది. ఆ సంతోషాన్ని తలుచుకుని ఆమె ఇంకెన్నాళ్ళు తనని తాను అసహ్యించుకోవాలో.

మళ్ళీ తెర చూసింది. బండి పంపవద్దు. ఆ మాట తను ఎప్పుడు రాసింది? తన యాప్‌లో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ. పసుపు ఎక్కడిది?

కొంగులోంచి తన ఫోను తీసి, అదే వైరు, అదే వ్యాను, ప్లగ్గు అలా వేలాడుతుండగానే మళ్ళీ అడిగింది.

ఆకుపచ్చ. "లోపాలు లేవు."

కోడ్ తెరిచి చూడనక్కర్లేకపోయింది. ఆ వరుస కళ్ళకు కట్టింది. లోపాలు ఎన్ని అని అడిగితే లైబ్రరీ ఒక అంకె ఇస్తుంది. పెట్టె అసలు పలకకపోతే మైనస్ అంకె ఇస్తుంది. పైథాన్ వాళ్ళ కోసం ఆ మైనస్‌ను పసిగట్టి గోల చేసే పొరను లైబ్రరీ వాళ్ళే రాసిపెట్టారు. జావాకి అది లేదు, శ్రావణి తనే తంటాలు పడి తగిలించుకుంది. సున్నా కంటే ఎక్కువైతే ఎరుపు, కాకపోతే ఆకుపచ్చ అని రాసింది. మైనస్ సున్నా కంటే తక్కువే కదా.

పొరుగింటి ముసలమ్మ ఎలా ఉందో కనుక్కు రమ్మని ఇద్దరిని పంపామనుకోండి. తలుపు కొడితే ఎవరూ తీయలేదు. ఒకడు తిరిగొచ్చి తలుపు తీయలేదని అరిచాడు. రెండోవాడు వచ్చి, ఏ బాధా ఉన్నట్టు చెప్పలేదమ్మా అన్నాడు. శ్రావణి యాప్ ఆ రెండోవాడు. మౌనం అర్ధాంగీకారం అని పెళ్ళిచూపుల్లో చెల్లే సూత్రాన్ని ఆమె తెలియకుండానే బ్రేకు పెట్టెకు వర్తింపజేసింది. ఎరుపును ఎరుపుగా తీసుకుని, ఆ పెట్టె ఎందుకు పలకడం లేదో చూడటానికి ఎవరైనా బస్సు కిందకి దూరి ఉంటే, పక్కనే చెమరుస్తున్న పైపు కళ్ళబడేది. రామలక్ష్మి ఈపాటికి జంగ్లీఘాట్ చేపల బజారులో బేరాలాడుతూ ఉండేది.

"మల్లేశూ, నువ్వు టీ తాగి రా," అన్న వీరేంద్ర గొంతు వినిపించింది.

మల్లేశు బతుకు జీవుడా అని వెళ్ళిపోయాడు. వీరేంద్ర వేలాడుతున్న ప్లగ్గును, పక్కపక్కన ఉన్న రెండు ఫోన్లను చూశాడు. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"ఎప్పుడు మార్చావు?" అంది శ్రావణి.

"ఆ రాత్రే."

జెట్టీ నుంచి వచ్చి, అందరూ పడుకున్నాక కూర్చుని వెతికాడట. తప్పు దొరికిందట. దిద్ది షెడ్డు ఫోన్లన్నిటిలో పెట్టేశాడట. నిన్నటి నుంచి, ఫోను ఆకుపచ్చ చూపించిన బళ్ళన్నిటినీ ఉచిత పరీక్ష అని చెప్పి ఒక్కొక్కటిగా వెనక్కి పిలుస్తున్నాడట. ఇంకెవరికీ ఏమీ కాకుండా చూస్తున్నాను కదా అన్నాడు. చెబుతున్నంతసేపూ అతని వేళ్ళు వ్యాను తలుపు రంగు గోకుతూనే ఉన్నాయి.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఇలాగే నిలబడతావని."

"ల్యాప్‌టాప్ ఎర్రగా రావడం నువ్వు కళ్ళారా చూశావు."

"చూశాను. రోజూ వచ్చేదే కదా. నువ్వైనా ఆపేదానివా? బయట మీ నాన్నే హారన్ మీద హారన్ కొడుతున్నారు, ఫెర్రీ టైమ్ దాటిపోతోందని."

అతనన్నది నిజమే. ఆమె ఉన్నా ఆపి ఉండేది కాదు. తన ఫోన్ మీద ఆమెకి అంత నమ్మకం.

"అత్తయ్యకి తెలుసా?"

"అమ్మకి చెప్పాను. నాన్నకి తెలీదు."

అయితే పొద్దున్న వంటింట్లో జరిగింది సగం నాటకమన్నమాట. శ్రావణికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక తన ఫోన్ను గట్టిగా పట్టుకుంది. వీరేంద్ర దాని కోసమే చెయ్యి చాచాడు.

"ఇటివ్వు. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి అన్నీ ఒకేలా ఉండాలి."

"ఇవ్వను."

"రాసింది నువ్వు, శ్రావణీ. యాప్ మీద పేరు నీది. పైకొస్తే లోపలికెళ్ళేది నువ్వు. మీ నాన్నకీ అదే చెప్పాను."

అనేశాక గాని అతనికి తను ఏమన్నాడో తెలియలేదు. తెలిశాక చాచిన చెయ్యి మెల్లగా దించేశాడు.

శ్రావణి చెప్పుల కోసం ఇంట్లోకి కూడా వెళ్ళకుండా, షెడ్డులో ఉన్న ఎవరివో రబ్బరు చెప్పులు తొడుక్కుని రోడ్డెక్కింది.

థానా వరండా బల్ల మీద దానయ్య కూర్చుని ఉన్నాడు. రామలక్ష్మి మొగుడు. పోలీసులు రమ్మన్నారో, తనే వచ్చాడో తెలియదు. అప్పయ్య, దానయ్య శ్రీకాకుళం తీరం నుంచి ఒకే ఓడలో వచ్చినవాళ్ళు, సునామీ దాకా ఒకే పడవలో వేటకెళ్ళినవాళ్ళు. శ్రావణి చిన్నప్పుడు ఆయన భుజాల మీద ఊరేగింది. ఇప్పుడు తల వంచుకుని, ఎవరో ఎరగని మనిషిని దాటినట్టు దాటి లోపలికి వెళ్ళింది.

కానిస్టేబుల్ అడ్డు చెప్పలేదు. అప్పయ్య ఊచల వెనక గోడకి చేరగిలి ఉన్నాడు. కూతుర్ని చూసి లేవబోయి, మోకాలు సహకరించక, ఊచలు పట్టుకుని లేచాడు.

"నీ కాలు జారలేదు నాన్నా," అంది శ్రావణి.

"నా కాలు సంగతి నాకు తెల్దేటి తల్లీ," అన్నాడు అప్పయ్య. "పెడల్ తొక్కినాను, ఎల్లిపోనాది. మళ్ళీ తొక్కినాను, మళ్ళీ ఎల్లిపోనాది. గేరు దించినాను, సేతి బ్రేకు నాగినాను. దిగువ కదా, ఆగనేదు."

"మరి అలా ఎందుకు చెప్పావు?"

"అల్లుడొచ్చినాడు. నా సేతులట్టుకుని ఏడ్సినాడు. ఆ ఫోనులో నీ పేరున్నాదంట కదా."

కూతురు నోరు తెరవబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపాడు. తను ఎలాగూ ఆ సీట్లో కూర్చున్నవాడేనని, జెట్టీలో ఉన్నవాళ్ళంతా తననే చూశారని, తన మీద పడిన రాయి తన మీదే ఉండనిమ్మని అన్నాడు. అది నీ తప్పు కాదు కదా నాన్నా అంటే, కాదని ఎవరన్నారని ఎదురడిగాడు. ఆ పొద్దున్న షెడ్డు ముందు హారన్ కొట్టి తొందరపెట్టింది తనే కదా అన్నాడు.

శ్రావణి ఊచల మీద తల ఆనించి ఏడ్చింది. అప్పయ్య ఊచల సందులోంచి చెయ్యి పెట్టి ఆమె జుట్టు సవరించాడు.

"పోలీసోళ్ళకి అబద్ధం సెప్పడం కట్టం కానేదమ్మీ. దానయ్యొచ్చి అడిగినాడు, ఏటైందిరా అని. కాలు జారినాదిరా అన్నాను. అప్పుడు మాత్రం ఆడి మొకం సూడనేకపోనాను. ఇంకీ జన్మకి సూడనేను."

"నేను చెప్పేస్తాను నాన్నా."

"నా మీద ఒట్టు. నోరు తెరిస్తే నా శవాన్ని సూసినట్టే."

ఆయన ఆ మాట కోపంగా అనలేదు, అన్నం తినమని బతిమాలినట్టు అన్నాడు. శ్రావణి ఒట్టు వేయలేదు, వేయనని కూడా అనలేదు.

బయటికి వస్తుంటే దానయ్య బల్ల మీది నుంచి లేచాడు. ఈ రెండు రోజుల్లో మనిషి సగమైపోయాడు. తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు, ఇలా వచ్చి కూర్చోమని బల్ల చూపించాడు. శ్రావణి కూర్చోలేదు.

"మీ అయ్య రోజూ ఆ దిగువలో బండి నెమ్మది సేసి, రామలక్ష్మి గంపలో ఏటున్నాదో కేకేసి అడిగి మరీ ఎల్లీవోడు," అన్నాడు దానయ్య. "ఆడి కాలు జారినాదంటే నాకు ఎక్కడం నేదమ్మీ. నిజంగా జారుంటే ఆడు నా కాళ్ళ మీద పడి ఏడ్సేవోడు. ఆడు గోడకేసి సూత్తన్నాడు."

శ్రావణి ఫోను ఉన్న కొంగును గుప్పిట్లో పట్టుకుంది.

"నువ్వు సదూకున్నదానివి. బండి సూసి పంపింది మీ షెడ్డోళ్ళే. ఆ పొద్దున్న బ్రేకు బాగున్నాదా అమ్మీ?"

గేటు దగ్గర జీపు ఆగింది. మోటారు ఇన్‌స్పెక్టర్ దిగాడు, వెనకే వీరేంద్ర దిగాడు. థానా ఆవరణలో ఉన్న బస్సును ముందు చూసుకుని షెడ్డుకి వెళదామని వచ్చినట్టున్నారు. వరండాలో దానయ్య ఎదురుగా నిలబడిన భార్యను చూడగానే వీరేంద్ర అడుగు ఆగింది. వద్దన్నట్టు తల ఊపాడు. వీపు వెనక ఊచల దగ్గర నుంచి తండ్రి వింటున్నాడని శ్రావణికి తెలుసు.

ఒట్టు వేయమన్న తండ్రి ఒక పక్క, తల ఊపుతున్న మొగుడు ఒక పక్క. ఎదురుగా ఉన్నవాడికి మాత్రం ఏ దిక్కూ లేదు. శ్రావణి దానయ్య మొహంలోకి చూసింది.

"బ్రేకు ఎలా ఉందో ఎవరూ చూడలేదు బాబాయ్," అంది. "బాగుందని నేను చేసిన యాప్ చెప్పింది. అది అబద్ధం. నేను రాసిన తప్పు వల్ల చెప్పిన అబద్ధం. నాన్న కాలు జారలేదు."

మెట్ల మీదికి వచ్చిన ఇన్‌స్పెక్టర్, ఏమిటి సంగతని హిందీలో అడిగాడు. శ్రావణి అదే మాట హిందీలో ఆయనతో చెప్పింది. తన ఫోను తీసి ముందుకు చాచింది. ఏ బండికైనా బ్రేకు పెట్టె ప్లగ్గు ఊడదీసి ఇది పెట్టి చూడండి, ఆకుపచ్చే చూపిస్తుంది అంది.

లోపలి నుంచి అప్పయ్య కేక వినిపించింది. జీవితంలో ఎప్పుడూ కూతురి మీద గొంతెత్తని మనిషి.

"దాని మాట నమ్మకండి సార్. నన్ను తప్పించడానికి అబద్దమాడతన్నాది. కాలు జారింది నాకే."

ఇన్‌స్పెక్టర్ వీరేంద్ర వైపు తిరిగాడు. షెడ్డు నీదే కదా, ఈమె చెప్పేది నిజమేనా అని అడిగాడు. వీరేంద్ర భార్య చేతిలోని ఫోన్ను చూశాడు. ఇప్పుడైనా ఒక్క మాట నిజం చెబుతాడని శ్రావణి ఎదురుచూసింది.

"అది పాత టెస్ట్ కాపీ సార్. షెడ్డులో ఎప్పుడూ వాడలేదు. షెడ్డు ఫోన్లు మీరే చూడొచ్చు."

ఒకడు ప్రేమ కొద్దీ ఆడాడు, ఒకడు భయం కొద్దీ ఆడాడు. రెండు అబద్ధాలూ అతుకు కనపడకుండా కలిసిపోయాయి. వాటి మధ్య శ్రావణి చెప్పిన నిజం, తండ్రి మీద బెంగతో కూతురు అల్లిన కథలా మిగిలింది. ఇన్‌స్పెక్టర్ జాలిగా తలాడించాడు. ఇంటికెళ్ళు బేటీ అన్నాడు. చాచిన ఫోను తీసుకోకుండానే, షెడ్డు ఫోన్లు చూస్తే సరిపోతుందంటూ వీరేంద్రను తీసుకుని బస్సు వైపు నడిచాడు.

వీరేంద్ర వెనక్కి తిరిగి చూడలేదు.

శ్రావణి చెయ్యి ఫోన్‌తో అలాగే గాల్లో ఉండిపోయింది. దానయ్య ఆ చేతిని చూశాడు, ఊచల వైపు చూశాడు, బస్సు దగ్గర వంగి నిలబడిన వీరేంద్రను చూశాడు. ఎవరు నిజం చెబుతున్నారో తేల్చుకోలేక ఆయన మొహం పీక్కుపోయింది. చదువు లేని మనిషి. జావా అంటే ఏమిటో, పైథాన్ అంటే ఏమిటో ఆయనకేం తెలుసు? ఎరుపూ ఆకుపచ్చా మాత్రం తెలుసు.

భుజం మీది తుండుగుడ్డ తీసి తలకి బిగించి కట్టుకున్నాడు, వేటకి వెళ్ళేటప్పుడు కట్టుకున్నట్టు.

"ఆలకి అక్కర్నేదు. నాకు సూపించు," అన్నాడు. "నా రామలక్ష్మిని ఏటి సంపినాదో నా కళ్ళకి సూపించు. నువ్వే అయితే, అదీ సూస్తాను."